ప్లగ్గు పట్టింది సరే, కరెంటు పడుతుందా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగితే చాలా ఆలోచించాను. నేను కవిని కాదు, ఉపన్యాసకుడిని కాదు. మేడ్చల్ పారిశ్రామిక ప్రాంతంలో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌ను. నాకు తెలిసింది కరెంటు పని. అందుకే ఇదే హాస్టల్లో నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పు వల్ల నేర్చుకున్న విద్య గురించి రాస్తున్నాను. చదివిన వారిలో ఒక్కరి ఇంట్లో ఒక్క వస్తువు కాలకుండా మిగిలినా నా శ్రమ ఫలించినట్టే.

మాది శామీర్‌పేట మండలంలోని ఒక పల్లె. మా నాయన సౌదీలోని దమ్మామ్‌లో రెండేళ్లు మేస్త్రీ కింద పనిచేసి 1998లో బొంబాయి మీదుగా ఇంటికి వచ్చారు. రెండు దుప్పట్లు, సబ్బులు, సెంటు బుడ్లు, వాటితోపాటు రెండు క్యాసెట్ల టేప్ రికార్డర్ ఒకటి తెచ్చారు. మా నాయనకు చదువు రాదు. ఆయన అక్కడున్నన్నాళ్లు మేము ఉత్తరాలు రాయలేదు. ఇంట్లో అందరం కూర్చుని క్యాసెట్టులో మాటలు నింపి, సౌదీ పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. శుక్రవారం సెలవునాడు ఆయన ఈ టేప్ రికార్డర్‌లోనే మా మాటలు వినేవారు. ఆ పెట్టె విలువ మా ఇంట్లో అంత.

పల్లెలో దాన్ని సెల్స్ వేసి నడిపేవాళ్లం. ఆ ఏడాది హాస్టల్ వార్షికోత్సవానికి డ్యాన్సు నేర్చుకోవడానికి బతిమాలి తెచ్చుకున్నాను. నాలుగు రోజుల్లో సెల్స్ అయిపోయాయి. పెట్టెతో వచ్చిన వైరు ఉండనే ఉంది. దాని పిన్ను మన బోర్డులో పట్టలేదు కాబట్టి దుకాణానికి పోయి ఒక అడాప్టర్ తెచ్చి పెట్టాను. స్విచ్చు వేశాను. 'గుం...' అని గట్టిగా శబ్దం వచ్చింది. ఒకటి రెండు క్షణాల్లో మాడిన వాసన. తర్వాత వెనుక నుంచి పొగ. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపేశాడు. వార్డెన్ సార్ వచ్చి ముందు మా చేతులు చూశారు, తర్వాతే పెట్టె వైపు చూశారు.

ఆదివారం మా నాయన వచ్చారు. తిట్టలేదు, కొట్టలేదు. పెట్టెను తువ్వాలులో చుట్టుకుంటూ ఒక్క మాట అడిగారు: "అక్కడ రెండేళ్లు పనిచేసింది గదరా, ఇక్కడ ఒక్క నిమిషానికే ఎందుకు కాలింది?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివాక దొరికింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

కరెంటు అన్ని దేశాల్లో ఒక్కటి కాదు

మనం నీళ్ల ట్యాంకుతో పోల్చి చెప్పుకుందాం. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే నల్లాలో నీళ్లు అంత ఒత్తిడితో వస్తాయి. కరెంటులో ఆ ఒత్తిడిలాంటిదే వోల్టేజి. మన దేశంలో ఇళ్లకు ఇచ్చే వోల్టేజి 230. అమెరికాలో 120. అంటే వాళ్ల ట్యాంకు ఎత్తు మన దాంట్లో ఇంచుమించు సగం. సగం ఎత్తుకు తయారు చేసిన గొట్టానికి రెండింతల ఒత్తిడి పెడితే ఏమవుతుందో పెట్టెకు కూడా అదే అవుతుంది.

ఈ తేడా ఎందుకు వచ్చిందంటే దాని వెనుక చరిత్ర ఉంది. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం ప్రారంభమైనప్పుడు ఆయన బల్బులకు సరిపోయేలా 110 వోల్టుల ప్రాంతంలో సరఫరా చేశారు. అమెరికా ఆ దారిలోనే సాగింది. 19వ శతాబ్దం చివరికి బెర్లిన్ విద్యుత్ సంస్థ 220 వోల్టులకు మారింది. వోల్టేజి రెండింతలు చేస్తే అంతే పనికి తీగలో పోయే ఆంపియర్లు సగమైతే చాలు, రాగి ఖర్చు మిగులుతుంది. యూరప్ అంతా క్రమంగా ఆ బాట పట్టింది. బ్రిటిష్ వారి పాలనలో ఉన్న మన దేశానికి కూడా ఆ పద్ధతే వచ్చింది.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే దేశాల్లో ఇళ్లకు వచ్చే కరెంటు ఇలా ఉంటుంది:

భారత దేశం – 230 వోల్టులు, 50 హెర్ట్జ్
అమెరికా, కెనడా – 120 వోల్టులు, 60 హెర్ట్జ్
జపాన్ – 100 వోల్టులు, టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60 హెర్ట్జ్
దుబాయి, అబుదాబి – 220 నుంచి 240 వోల్టులు, 50 హెర్ట్జ్
కువైట్, ఖతర్, ఒమన్ – 240 వోల్టులు, 50 హెర్ట్జ్
బ్రిటన్, సింగపూర్, ఆస్ట్రేలియా – 230 వోల్టులు, 50 హెర్ట్జ్
సౌదీ అరేబియా – పాత ఇళ్లల్లో 127 వోల్టులు, పెద్ద మిషన్లకు 220. కొత్త పద్ధతిలో 230. అన్నిచోట్లా 60 హెర్ట్జ్

చివరి వరుస మరోసారి చదవండి. గల్ఫ్ దేశాలన్నీ ఒక్కటే అనుకుంటాం. కానీ సౌదీ వేరు. అక్కడ చాలాకాలం లైట్లకు, చిన్న సాకెట్లకు 127 వోల్టులే ఉండేది. ఏసీల వంటి వాటికి మాత్రం 220 ఇచ్చేవారు. 2010లో అక్కడి ప్రభుత్వం దేశమంతా క్రమంగా 230 వోల్టులకు మారాలని నిర్ణయించింది. ఈ మార్పు ఒక్క రోజులో అయ్యేది కాదు. కాబట్టి సౌదీ నుంచి వచ్చిన వస్తువును, అందులోనూ పాతదాన్ని, చూడకుండా బోర్డులో పెట్టకూడదు. దుబాయి నుంచి అన్న తెచ్చింది బాగానే నడిచింది కదా అని సౌదీ నుంచి మామ తెచ్చిన దాన్ని కూడా గుచ్చితే నా టేప్ రికార్డర్ కథే మళ్లీ జరుగుతుంది.

మన ప్రాంతానికి ఈ విషయం మరీ ముఖ్యం. శంషాబాద్ విమానాశ్రయంలో దిగి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిన గల్ఫ్ కార్మికులు కరీంనగర్ వైపు పోవాలంటే శామీర్‌పేట దగ్గర, నిజామాబాద్ వైపు పోవాలంటే మేడ్చల్ దగ్గర దిగుతారు. ఎన్నో కార్ల మీద తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు మన కళ్ల ముందు నుంచే పోతుంటాయి. ఒక్కో పెట్టెలో ఒక్కో మనిషి రెండు మూడేళ్ల చెమట ఉంటుంది.

వోల్టేజి రెండింతలు, వేడి నాలుగింతలు

పదో తరగతి తమ్ముళ్లు ఈ భాగం కాగితం, పెన్ను పట్టుకుని చదవండి. ఓమ్ నియమం పరీక్ష కోసమే అనుకుంటాం. కానీ అది ఇంటిని కాపాడే నియమం.

అమెరికా నుంచి ఒకరు 120 వోల్టులు, 1000 వాట్లు అని రాసి ఉన్న ఇస్త్రీ పెట్టె తెచ్చారనుకోండి. దాని నిరోధం ఎంత? వోల్టేజిని వోల్టేజితో గుణించి వాట్లతో భాగించాలి. 120 × 120 = 14,400. దాన్ని 1000తో భాగిస్తే 14.4 ఓములు.

ఇప్పుడు దాన్ని మన 230 వోల్టుల బోర్డులో పెట్టాం. 230 × 230 = 52,900. దాన్ని 14.4తో భాగిస్తే దాదాపు 3,670 వాట్లు. అంటే 1000 వాట్లకు తయారైన ఇస్త్రీ పెట్టె మూడున్నర రెట్లకు పైగా వేడెక్కుతుంది. వోల్టేజి సరిగ్గా రెండింతలైతే వేడి సరిగ్గా నాలుగింతలు అవుతుంది. లోపలి కాయిల్ తెగిపోతుంది, లేదా ప్లాస్టిక్ కరుగుతుంది, లేదా కింద ఉన్న బట్ట అంటుకుంటుంది. ఏది ముందు జరుగుతుందో మన అదృష్టం.

ఇదే లెక్క తిరగేసి చూడండి. మన 230 వోల్టుల 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెను అమెరికా తీసుకుపోతే దాని నిరోధం 52.9 ఓములు. 14,400ను 52.9తో భాగిస్తే దాదాపు 270 వాట్లే. కాలదు, కానీ చొక్కా ముడత కూడా పోదు.

మరి నా టేప్ రికార్డర్‌లో ఏం జరిగింది? అందులో కాయిల్ కాదు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దానికి తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ వోల్టేజి ఇస్తే లోపలి ఇనుప పలకలు ఇక అయస్కాంత శక్తిని పట్టుకోలేవు. అప్పుడు వైండింగ్ విపరీతంగా కరెంటు లాగుతుంది. నేను విన్న 'గుం' శబ్దం అదే. వైండింగ్ మీది వార్నిష్ మాడి వాసన వచ్చింది. అవతలి వైపు కూడా వోల్టేజి పెరిగి కండెన్సర్లు ఉబ్బిపోయాయి.

ఐటీఐలో చేరాక సెలవుల్లో ఆ పెట్టెను విప్పాను. వెనుక, సెల్స్ వేసే మూత పక్కన, గోరంత స్విచ్చు కనిపించింది. ఒక వైపు 110–127 అని, రెండో వైపు 220–240 అని రాసి ఉంది. అది 110–127 వైపే ఉంది. ప్లగ్గు పెట్టేముందు స్క్రూ డ్రైవర్ కొసతో ఆ స్విచ్చును పక్కకు జరిపి ఉంటే ఏమీ అయ్యేది కాదు. మా నాయన ప్రశ్నకు జవాబు ఆ గోరంత స్విచ్చు దగ్గరే ఉంది. చదువు రాని ఆయనకు అది కనబడకపోవడం తప్పు కాదు. తొమ్మిదో తరగతి చదువుతూ నేను చూడకపోవడమే తప్పు.

ఫ్యూజు కాపాడదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. "ఎంసీబీ ఉంది కదా, ఏదైనా అయితే పడిపోతుంది" అంటారు. అది పొరపాటు.

ఎంసీబీ గోడలో ఉన్న తీగలను కాపాడటానికి పెట్టింది, మీ టేప్ రికార్డర్‌ను కాపాడటానికి కాదు. పై లెక్కలో ఇస్త్రీ పెట్టె తీసుకునే కరెంటు ఎంత? 230ని 14.4తో భాగిస్తే దాదాపు 16 ఆంపియర్లు. పవర్ ప్లగ్‌కు వేసే ఎంసీబీ కూడా 16 ఆంపియర్లదే. అంటే పెట్టె మాడుతున్నా ఎంసీబీకి అది మామూలు లోడే, పడదు. టేప్ రికార్డర్ వంటి చిన్న వస్తువు ఒకటి రెండు ఆంపియర్లు లాగి కాలిపోతుంది. ఎంసీబీకి అది తెలియను కూడా తెలియదు.

ఇక ఆర్‌సీసీబీ ఉంటుంది. ఇళ్లల్లో 30 మిల్లీ ఆంపియర్లది వేస్తారు. అది కరెంటు లీకై మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోతే గుర్తించి ఆపుతుంది. ప్రాణానికి అది తప్పనిసరి. కానీ ఎక్కువ వోల్టేజి వల్ల వస్తువు కాలడాన్ని అది ఆపలేదు. కాబట్టి ప్లగ్గు పెట్టేముందు మన కళ్లు చేసే పని తర్వాత ఏ ఫ్యూజూ చేయలేదు.

హెర్ట్జ్ సంగతి

వోల్టేజి గురించి కొందరికైనా తెలుసు. పౌనఃపున్యం గురించి చాలామందికి తెలియదు. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. అమెరికాలో, సౌదీలో 60.

లైటుకు, ఇస్త్రీ పెట్టెకు దీంతో పెద్ద తేడా లేదు. మోటారు ఉన్నవాటికి ఉంది. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, టేబుల్ ఫ్యాన్ వంటి వాటిలోని మోటారు వేగం హెర్ట్జ్ మీద ఆధారపడుతుంది. 60 హెర్ట్జ్ మోటారు ఇక్కడ ఆరో వంతు వేగం తగ్గి నడుస్తుంది. వేగం తగ్గడమే కాదు, ఎక్కువ వేడెక్కుతుంది కూడా. కరెంటు తరంగాలను లెక్కపెట్టి నడిచే పాతకాలపు గోడ గడియారాన్ని అమెరికా నుంచి తెస్తే గంటకు పది నిమిషాలు వెనుకబడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ను మార్చదు. అందుకే అమెరికా నుంచి ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చుకోవద్దని నా సలహా. మిక్సీ మోటారు సంగతి వేరు. అందులో కార్బన్ బ్రష్షులు ఉంటాయి, హెర్ట్జ్ తేడా దానికి పట్టదు. దానికి వోల్టేజి సరిపోతే చాలు.

ఫ్యాక్టరీల్లో కూడా ఇదే గొడవ. జపాన్ మిషన్లు చాలావరకు 200 వోల్టుల మూడు ఫేజుల మీద నడుస్తాయి. మన దగ్గర మూడు ఫేజుల కరెంటు 415 వోల్టులు. మధ్యలో సరైన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కొత్త మిషన్‌కు కరెంటు ఇవ్వం. లక్షల మిషన్‌కు మేము పాటించే నియమమే మీ వెయ్యి రూపాయల ట్రిమ్మర్‌కూ వర్తిస్తుంది.

లేబుల్ చదవడం నేర్చుకుందాం

ప్రతి వస్తువు అడుగున గానీ వెనుక గానీ, చార్జర్ అయితే దాని ఒంటి మీద గానీ సన్నని అక్షరాలు ఉంటాయి. వాటిలో 'ఇన్‌పుట్' అనే మాట వెతకండి. 'అవుట్‌పుట్' కాదు. ఫోన్ చార్జర్ మీద అవుట్‌పుట్ 5 వోల్టులు అని ఉంటుంది, అది ఫోన్‌కు పోయేది. గోడలోంచి తీసుకునేది ఇన్‌పుట్.

ఒకటి: ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే భయం లేదు. ప్రపంచంలో ఎక్కడైనా నడుస్తుంది. ల్యాప్‌టాప్, సెల్‌ఫోన్, కెమెరా చార్జర్లు దాదాపు అన్నీ ఇప్పుడు ఇలాగే వస్తున్నాయి. వీటి లోపలి సర్క్యూట్ వచ్చిన కరెంటును ముందు డీసీగా మార్చి, సెకనుకు వేల సార్లు ఆన్ ఆఫ్ చేస్తూ కావలసినంతే అవతలికి పంపుతుంది. వోల్టేజి ఎక్కువైతే ఆన్‌లో ఉండే సమయం తగ్గించుకుంటుంది, తక్కువైతే పెంచుకుంటుంది. వీటికి పిన్ను మార్చుకుంటే చాలు.

రెండు: 110/220 లేదా 120/240 అని మధ్యలో గీతతో ఉంటే ఎక్కడో ఒక స్విచ్చు ఉందని అర్థం. వెతకండి. ప్రయాణాల కోసం చేసిన జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్లకు, పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల వెనుక, పాత టేప్ రికార్డర్లకు ఇది ఉంటుంది. ప్లగ్గు పెట్టకముందే దాన్ని 220 లేదా 230 వైపు జరపాలి. కొన్ని వస్తువులు కొత్త మోడల్‌లో దానంతటదే మార్చుకుంటాయి. అనుమానం ఉంటే పుస్తకం చదవాలి, లేదా తెలిసినవారిని అడగాలి.

మూడు: 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంటే మన కరెంటుకు సరిపోతుంది. దుబాయి, కువైట్, బ్రిటన్, సింగపూర్ వస్తువులు ఇలా ఉంటాయి. పిన్ను ఒక్కటే తేడా.

నాలుగు: ఒక్క 100 గానీ, 110, 120, 127 గానీ రాసి ఉంటే నేరుగా పెట్టవద్దు. ఎంత చిన్న వస్తువైనా సరే.

ఐదు: లేబుల్ చెరిగిపోయి కనిపించకపోతే, పెట్టవద్దు. పెట్టి చూద్దాం అనే మాట కరెంటు పనిలో పనికిరాదు.

మూడు వస్తువులు, మూడు వేరు పనులు

అడాప్టర్, స్టెబిలైజర్, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. ఈ మూడింటినీ కలిపేసుకుని నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను.

అడాప్టర్ పిన్ను ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది. చదును పిన్నును గుండ్రని రంధ్రంలో పట్టేలా చేస్తుంది, అంతే. లోపల రెండు ఇత్తడి ముక్కలు తప్ప మరేమీ ఉండదు. నేను మోసపోయింది ఇక్కడే. పిన్ను పట్టింది కాబట్టి కరెంటు కూడా పట్టిందనుకున్నాను. ఇప్పుడు ఏ దేశం పిన్నైనా నేరుగా పట్టే సాకెట్ బోర్డులు దుకాణాల్లో దొరుకుతున్నాయి. వాటితో అడాప్టర్ కొనే శ్రమ తప్పింది కానీ, ఆగి ఆలోచించే అవకాశం కూడా పోయింది.

స్టెబిలైజర్ మన వోల్టేజి తగ్గినా పెరిగినా 230 దగ్గర నిలబెట్టడానికి ప్రయత్నిస్తుంది. అది 230ని 120 చేయదు. అమెరికా వస్తువును స్టెబిలైజర్‌కు తగిలిస్తే నిలకడగా కాలిపోతుంది.

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే 230 తీసుకుని 110 లేదా 120 ఇస్తుంది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఇవి దొరుకుతాయి. కొనేటప్పుడు ఈ విషయాలు గుర్తుంచుకోండి.

వస్తువు మీద ఉన్న వాట్ల కంటే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కనీసం పావు వంతు ఎక్కువ ఉండాలి. మోటారు ఉన్న వస్తువుకు రెండు మూడు రెట్లు తీసుకోవాలి, ఎందుకంటే మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. చేతిలో పట్టుకుంటే పిడికెడు బరువు కూడా లేని పెట్టె మీద 1500 వాట్లు అని రాసి ఉంటే అది నిజమైన ట్రాన్స్‌ఫార్మర్ కాదు. కరెంటు తరంగాన్ని కోసి పంపే సర్క్యూట్ అది. కాయిల్ ఉన్న వస్తువులకు కాసేపు పనికొస్తుంది కానీ రేడియో, టీవీ వంటి వాటికి పెడితే పాడవుతాయి.

ట్రాన్స్‌ఫార్మర్‌ను మంచం కింద, బట్టల మధ్య పెట్టవద్దు. గాలి తగలాలి. పని అయిపోగానే స్విచ్చు ఆపాలి. వస్తువు వైరుకు పిన్ను దగ్గర ఎర్ర టేపు చుట్టి దాని మీద '110' అని రాయండి. మీకు తెలుసు, ఇంట్లో అమ్మకు, చెల్లెకు తెలియకపోవచ్చు. ఎవరో తీసి నేరుగా గోడకు పెట్టేస్తారు.

ఒక్కోసారి లెక్క వేసుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ కొనడమే దండగ అని తేలుతుంది. అమెరికా హెయిర్ డ్రయ్యర్లు చాలావరకు 1875 వాట్లవి. దానికి సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ మోయడానికి ఇద్దరు కావాలి, దాని ధరకు ఇక్కడ డ్రయ్యర్లు ఒకటికి రెండు వస్తాయి. వేడి పుట్టించే వస్తువులు, అంటే ఇస్త్రీ పెట్టె, రైస్ కుక్కర్, కాఫీ మెషిన్ వంటివి ఇక్కడే కొనుక్కోవడం మేలు.

పిన్ను కోసి మార్చేటప్పుడు

గల్ఫ్ నుంచి, బ్రిటన్ నుంచి వచ్చే మూడు చదును కడ్డీల ప్లగ్గు లోపల చిన్న ఫ్యూజు ఉంటుంది. మనవాళ్లు దాన్ని కోసి పారేసి మన పిన్ను బిగిస్తారు. దాంతో ఆ ఫ్యూజు రక్షణ పోతుంది. వీలైతే మంచి అడాప్టర్ వాడండి. సాకెట్ మూతను పెన్నుతోనో పుల్లతోనో తెరిచి రెండు కడ్డీలు గుచ్చడం ఎప్పుడూ చేయవద్దు.

తీగల రంగుల దగ్గర మరీ జాగ్రత్త. మన పాత వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తింగ్. కొత్త వైర్లలో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు గీత ఉన్నది ఎర్తింగ్. అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్! మన నలుపు అనుకుని అమెరికా నలుపును న్యూట్రల్‌కు కలిపితే స్విచ్చు ఆపినా వస్తువులో కరెంటు ఉండిపోవచ్చు. రంగులు తెలియనివారు ఈ పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

మూడు పిన్నుల వస్తువును రెండు పిన్నుల అడాప్టర్‌తో నడపవద్దు. మన ప్లగ్గులో పొడుగ్గా, లావుగా ఉండే మూడో పిన్ను అలంకారం కాదు, ఎర్తింగ్. ముందుగా ఎర్తింగ్ తగిలి, చివరగా విడిపోవాలనే దాన్ని పొడుగ్గా చేశారు. ఇనుప ఒళ్లున్న వస్తువులో లోపల తీగ తెగి తగిలితే ఆ కరెంటును భూమిలోకి పంపేది అదే. అది లేకపోతే దారి మన చెయ్యి.

ఇక్కడి నుంచి అక్కడికి పోయేవారికి

మన హాస్టల్ పిల్లలు ఇప్పుడు గల్ఫ్‌కే కాదు, చదువులకు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా కూడా పోతున్నారు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వచ్చాక మన ఇళ్లల్లోంచి కూడా పై చదువులకు విమానం ఎక్కుతున్నారు. అది మనందరికీ గర్వకారణం. వారికి రెండు మాటలు.

అమెరికా పోయేవారు ఇక్కడి 230 వోల్టుల మిక్సీ, రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె మోసుకుపోవద్దు. సూట్‌కేసు బరువు తప్ప ఉపయోగం లేదు. మన పప్పు రుబ్బడానికి మన మిక్సీయే కావాలనుకుంటే 110 వోల్టులకు చేసిన భారతీయ మిక్సీలు దొరుకుతాయి, అవి తీసుకోండి. స్టవ్ మీద పెట్టే ప్రెషర్ కుక్కర్‌కు ఏ వోల్టేజి గొడవా లేదు. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్లకు ఒక అడాప్టర్ చాలు. బ్రిటన్, దుబాయి, ఆస్ట్రేలియా పోయేవారి వస్తువులు నడుస్తాయి, పిన్ను మాత్రం మారుతుంది. సౌదీ పోయేవారు ముందుగా గదిలో ఉన్నవారిని ఏ సాకెట్‌లో ఎంత వోల్టేజి ఉందో అడిగి తెలుసుకోండి.

అక్కడి నుంచి సెలవులకు వచ్చే అన్నలకు ఒక హెచ్చరిక. 120 వోల్టులకు అలవాటుపడిన చెయ్యి ఇక్కడ అజాగ్రత్తగా ఉండకూడదు. రెండూ ప్రాణం తీయగలవు. కానీ మన 230 వోల్టుల షాక్ ఇంకా బలంగా పట్టేస్తుంది.

ఎవరికైనా షాక్ కొడితే నేరుగా ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. ఆపడం కుదరకపోతే పొడి కర్రతో తీగను తప్పించండి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. ఆ లోపు మరొకరు 108కి ఫోన్ చేయాలి. వస్తువుకు మంట అంటుకుంటే కరెంటు ఆపకుండా నీళ్లు పోయవద్దు.

ముగింపు

తమ్ముళ్లూ! హాస్టల్ గదిలో ఒక్క సాకెట్ మీద పదిమంది ఆధారపడతారు. మీ ఇంటి నుంచి ఏ వస్తువు తెచ్చినా ముందు వార్డెన్ సార్‌కు చూపించండి. తర్వాత లేబుల్ చదవండి. ఇంగ్లీషు రాదని సిగ్గుపడవద్దు. అక్కడ చదవాల్సింది రెండు అంకెలే: వోల్టులు ఎంత, హెర్ట్జ్ ఎంత. ఊరికి పోయినప్పుడు గల్ఫ్ నుంచి ఎవరైనా వచ్చారని తెలిస్తే వెళ్లి, పెట్టెలు విప్పేటప్పుడు పక్కన కూర్చుని ఆ రెండు అంకెలు చదివి చెప్పండి. మన చదువు వల్ల ఊరికి జరిగే మేలు ఇలాంటి చోటే మొదలవుతుంది.

ఐటీఐ రెండో సంవత్సరంలో గుజరాతీ గల్లీకి పోయి ఒక ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు కండెన్సర్లు కొనుక్కొచ్చి మా నాయన టేప్ రికార్డర్‌కు వేశాను. ఒక వైపు క్యాసెట్టు మళ్లీ తిరిగింది. రెండో వైపు తిరగలేదు. పరవాలేదు అన్నారు నాయన. తర్వాత ఆయన ఎదుటే పెట్టెను తిప్పి వెనుకనున్న గోరంత స్విచ్చును చూపించి, మూడేళ్ల కిందట ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాను. ఆయన అద్దాలు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూశారు. "ఇంతేనా?" అన్నారు.

అవును, ఇంతే. కానీ తెలియకపోతే ఇంత చిన్నదే రెండేళ్ల కష్టాన్ని మింగేస్తుంది.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎలక్ట్రీషియన్, మేడ్చల్